మఫ్టీలో మోటారు కారు

మోటారు వాహనాల పట్ల మక్కువ గల విద్యార్థులు ప్రతి కళాశాలలోనూ ఉంటారు. ఇంజను చప్పుడు విని బండి ఏ కంపెనీదో చెప్పగల వారు, వెనుక దీపాల ఆకారాన్ని బట్టి ఏ సంవత్సరపు నమూనాయో నిర్ణయించగల వారు మన తరగతులలో కొందరున్నారు. పాఠ్యగ్రంథాలలో ఇంతటి జ్ఞాపకశక్తిని వారు ఎందుకు కనబరచరో అధ్యాపకులకు అంతుపట్టని విషయం. జాతీయ రహదారి ప్రక్కన నిలబడి వచ్చేపోయే బండ్లను పరిశీలించే ఈ ఔత్సాహికుల మధ్య తరచుగా తలెత్తే ప్రశ్న ఒకటి ఉన్నది. తెల్లని పెద్ద బండి. దాని మీద పేరు లేదు, చిహ్నం లేదు. పైకప్పు మీద ఒకటికి రెండు ఏరియళ్లు. ముందరి జాలీ వెనుక చిన్న దీపాలేవో దాగి ఉన్నాయి. లోపల పొట్టి క్రాపు గల నలుగురు మనుషులు. ఇది పోలీసు వారి బండియేనా?

ఈ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. బయటి గుర్తులను బట్టి పోలీసు వాహనాన్ని పోల్చుకోగలమా అన్నది మొదటిది. అటువంటి గుర్తులేని బండి మన ముందుకు వచ్చి అడ్డంగా ఆగి, అందులోనుండి దిగినవారు "పోలీసులం" అంటే నమ్మవచ్చునా, నమ్మకపోతే ఏమి చేయాలి అన్నది రెండవది. మొదటిది కాలక్షేపం. రెండవది మాత్రం ఒంటరిగా ఊరికి వెళ్లే ప్రతి విద్యార్థికీ, విద్యార్థినికీ ఏదో ఒకనాడు ఎదురు కాగల చిక్కు.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండు భాషలూ చదివేవారున్నారు గనుక ఒక మాట ముచ్చటించి ముందుకు సాగుతాను. యూనిఫారం లేని పోలీసును మన పత్రికలు "మఫ్టీ పోలీసు" అంటాయి. ఈ మఫ్టీ అన్నది అరబ్బీ నుండి ఉర్దూలోకి వచ్చిన "ముఫ్తీ"యే. ధర్మశాస్త్ర విషయాలలో ఫత్వా చెప్పే పండితుడు ముఫ్తీ. 19వ శతాబ్దపు తొలినాళ్లలో బ్రిటిషు సైనికాధికారులు కొలువు లేని వేళ వదులైన అంగీ, చెప్పులు, కుచ్చు టోపీ ధరించేవారనీ, ఆ వేషం నాటకాలలోని ముఫ్తీ వేషాన్ని పోలి ఉండడం చేత హాస్యానికి ఆ పేరు పెట్టారనీ నిఘంటుకారుల ఊహ. శాస్త్రపండితుని పేరు చివరకు మారువేషపు కానిస్టేబులుకు దక్కింది. ఠాణాకు సంబంధించిన మన మాటలలో దర్యాప్తు, ఫిర్యాదు, దరోగా, జవాను మొదలైనవన్నీ ఇదే త్రోవన వచ్చినవి.

మాట కొత్తదే గాని పద్ధతి పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గూఢపురుషులకు ప్రత్యేకించి అధ్యాయాలే ఉన్నాయి. గృహస్థు వేషంలో ఒకడు, వర్తకుని వేషంలో ఒకడు, తాపసి వేషంలో ఒకడు తిరగాలని అందులో ఏర్పాటు. ఆ వరుసలో మొట్టమొదట పేర్కొన్న "కాపటికుడు" అనేవాడు విద్యార్థి వేషంలోని చారుడని తెలిస్తే మన విద్యార్థులు సంతోషిస్తారో, నొచ్చుకుంటారో తెలియదు. బాగ్దాదు వీధులలో రాత్రివేళ మారువేషాన తిరిగిన హారూన్ అల్ రషీదు కథలు ఇరు భాషల వారికీ చిన్ననాటి నుండి పరిచితాలే. ఆ కాలంలో మనిషికే మారువేషం కావలసి వచ్చేది. నేడు బండికి కూడా కావలసి వచ్చింది.

ఇక అసలు విషయం. వాహనానికి మొదటి గుర్తు నెంబరు ప్లేటు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం తొలిసారి 1914లో వచ్చింది. 1939లో దాని స్థానంలో మరొకటి, 1988లో ఇప్పటిది ఏర్పడినవి. ఇప్పటి చట్టం 1989 జూలై 1 నుండి అమలులో ఉన్నది. రాష్ట్రానికి రెండక్షరాలు, జిల్లాకు రెండంకెలు అన్న పద్ధతి దానితో వచ్చినదే. ఎ.పి. 30 అంటే శ్రీకాకుళం, 31 అంటే విశాఖపట్నం, 35 అంటే విజయనగరం అని బడిపిల్లలు కూడా చెప్పగలిగేవారు. 2019 నుండి రాష్ట్రమంతటికీ ఎ.పి. 39 అనే ఒకే వరుసను ప్రవేశపెట్టడంతో కొత్త బండ్ల విషయంలో ఈ జిల్లా అభిమానానికి తావు లేకుండా పోయింది. సరిహద్దు జిల్లాల వారమైనందున ఒడిశా సంఖ్యలు కూడా మనకు కొత్త కావు. ఇచ్ఛాపురం దారిలో గంజాం వారి ఓ.డి. 07, పాతపట్నం వైపు గజపతి జిల్లా వారి 20, పార్వతీపురం వైపు రాయగడ వారి 18, సాలూరు వైపు కోరాపుట్ వారి 10 నిత్యం కనబడుతుంటాయి.

అంకెల తరువాత వచ్చే అక్షరంలో మన ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ స్థానంలో "జెడ్" ఉంటే ఆర్.టి.సి. బస్సు, "పి" ఉంటే పోలీసు శాఖ వాహనం. రాష్ట్ర విభజన తరువాతి సంవత్సరాలలో పోలీసు వాహనాల మీద విరివిగా కనిపించిన ఎ.పి. 18 పి ఈ కోవకు చెందినదే. కనుక ఏ బొమ్మా, ఏ అక్షరమూ లేని తెల్లని బండి అయినా నెంబరులో "పి" ఉంటే అనుమానం అక్కరలేదు. కాని ఈ రహస్యం ఔత్సాహికులకు తెలిసినట్లే దొంగలకూ తెలుసు. అందుచేత నిజంగా మరుగున ఉండవలసిన పనికి వెళ్లే బండి ఈ అక్షరాన్ని ధరించి వెళ్తే ప్రయోజనం ఉండదు. గుర్తు ఉన్నదంటే పోలీసు బండి అని చెప్పవచ్చును గాని, గుర్తు లేదు గనుక కాదు అని చెప్పడానికి వీలులేదు. తర్కశాస్త్రం చదివే విద్యార్థులు ఈ భేదాన్ని వెంటనే గ్రహిస్తారు.

ప్లేటు రంగుల సంగతి కూడా తెలిసి ఉండడం మంచిది. సొంత వాహనానికి తెల్లని పలక మీద నల్లని అక్షరాలు. బాడుగ వాహనానికి పసుపు మీద నలుపు. మనమే నడుపుకొనేలా అద్దెకిచ్చే కారుకు నలుపు మీద పసుపు. విద్యుత్ వాహనానికి ఆకుపచ్చ పలక. విదేశీ రాయబారులకు నీలం. తాత్కాలిక రిజిస్ట్రేషను బండికి పసుపు మీద ఎర్రని అక్షరాలుంటాయి. పైకి చూపే బాణపు గుర్తుతో మొదలయ్యే సంఖ్య సైన్యానిది. రక్షణ శాఖ వాహనాలకు 1988 నాటి చట్టంలోని 60వ సెక్షను వేరే ఏర్పాటు చేసినది. పోలీసు శాఖకు అటువంటి ప్రత్యేకత లేదు. అది కూడా అందరివలె రిజిస్ట్రేషను చేయించి, సంఖ్యను ముందు వెనుకల ప్రదర్శించవలసినదే. నెంబరు లేని బండి పోలీసుదైనా, పెళ్లివారిదైనా నియమోల్లంఘనమే. 2019 ఏప్రిల్ 1 నుండి కొత్త బండ్లన్నింటికీ తప్పనిసరి చేసిన హై సెక్యూరిటీ ప్లేటులో అశోకచక్రపు హోలోగ్రాము, లేజరుతో చెక్కిన పది అంకెల గుర్తు, ఒకసారి బిగిస్తే విరగగొట్టనిదే ఊడిరాని తాళం ఉంటాయి. నకిలీ ప్లేటును పోల్చడానికి పొట్టి క్రాపుల కంటే ఇది నమ్మదగిన ఆధారం. ఎమ్‌పరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో సంఖ్య వేసి చూస్తే అది ఏ తరగతి వాహనమో, ఏ కంపెనీదో తెలుస్తుంది. ఎదుట ఉన్నది జీపు, యాప్‌లో వచ్చినది స్కూటరు అయితే అది పోలీసు వారిదైనా కాకపోయినా జాగ్రత్త పడవలసిన బండియే.

ఏరియల్ విషయంలో మన ఔత్సాహికులు చాలా నమ్మకంగా మాట్లాడుతారు. ఇందులో కొంత భౌతికశాస్త్రం ఉన్నది గనుక కాస్త వివరించడం ఉచితం. రేడియో తరంగపు పొడవు మీటర్లలో కావాలంటే 300ను మెగాహెర్ట్‌జ్‌లలోని పౌనఃపున్యంతో భాగించాలి. బండి మీద నిలబెట్టే సాధారణ ఏరియల్ ఆ పొడవులో నాలుగవ వంతు ఉంటే బాగా పనిచేస్తుంది. పోలీసు వైర్‌లెస్ సెట్లు చాలాకాలంగా వాడుతున్న వి.హెచ్.ఎఫ్. తరంగాలు సుమారు 150 మెగాహెర్ట్‌జ్ ప్రాంతానివి. లెక్క వేస్తే తరంగం 2 మీటర్లు, అందులో నాలుగవ వంతు అర మీటరు, అనగా రమారమి మూరెడు. పాటలు వినే ఎఫ్.ఎం. రేడియోకు ఇదే లెక్కన ముప్పాతిక మీటరు కావాలి; కాని కంపెనీలవారు తీగను చుట్టచుట్టి పొట్టిగా చేస్తారు, లేదా సొరచేప రెక్క ఆకారపు డిప్పలో దాస్తారు. కనుక పైకప్పు నడుమ నిటారుగా మూరెడు తీగ ఉంటే వైర్‌లెస్ సెట్టు ఉన్నదనుకోవడం సహేతుకమే. అయితే లైసెన్సు పొందిన హామ్ రేడియో ఔత్సాహికులకు మన దేశంలో కేటాయించిన తరంగాలలో 144 నుండి 146 మెగాహెర్ట్‌జ్ వరకు ఒక భాగం ఉన్నది. దానికి కావలసిన ఏరియల్ కూడా మూరెడే. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ మన జిల్లాల స్తంభాలను నేలకూల్చి టెలిఫోన్లను మూగబోయేలా చేసినప్పుడు రేడియో విలువ ఏమిటో అందరికీ తెలిసివచ్చింది. అటువంటి హామ్ ఔత్సాహికుని కారును చూసి పోలీసని భయపడితే నవ్వులపాలవుతాము. చేతిలో ఇమిడే సెట్టు, సెల్‌ఫోను వచ్చిన తరువాత నిజమైన మఫ్టీ బండికి పైన ఏరియల్ అవసరమే లేదు.

దీపాల కథ వేరు. "బుగ్గ కారు" అంటే ఒకప్పుడు మన పల్లెలలో అధికారానికి పర్యాయపదం. ఎవరి నెత్తిన బుగ్గ ఉండాలో, ఎవరికి ఉండరాదో తేల్చుతూ సుప్రీంకోర్టు 2013 డిసెంబరు 10న తీర్పునిచ్చింది. 2017 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒక నిర్ణయం చేసి, ఆ సంవత్సరం మే 1 నుండి మంత్రులూ అధికారులూ అన్న భేదం లేకుండా ఎర్ర బుగ్గలను తొలగించింది. అగ్నిమాపక, పోలీసు, విపత్తు నివారణ వంటి అత్యవసర విధులలోని బండ్లకు ఎరుపు, నీలం, తెలుపు కలిసిన దీపాలు మిగిలినవి. జాలీ వెనుక దాగిన ఎర్ర నీలి దీపాలు పోలీసు చిహ్నమని మన కుర్రవారు అంటారు. దుకాణంలో కొని మోటారు సైకిలుకు సైతం బిగించుకొనే ఆకతాయిలను చూడని ఊరు ఈ జిల్లాలలో ఉన్నదా? నల్లని అద్దాల విషయంలోనూ ఇంతే. ముందు వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, ప్రక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు రావాలన్నది నియమం. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు నల్ల ఫిలింలను తొలగించమన్నప్పుడు జెడ్, జెడ్ ప్లస్ భద్రత గలవారికి మాత్రమే మినహాయింపు చూపింది. సామాన్య పోలీసు బండికి చూపలేదు.

రంగులలో ఒక్కదానికి మాత్రం చట్టరీత్యా ప్రత్యేకత ఉన్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 121వది, రక్షణ శాఖ బండ్లకు తప్ప మరి దేనికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయరాదని చెబుతున్నది. వేలంలో కొన్న పాత జీపును సైనికుని వలె అలంకరించాలని ఉవ్విళ్లూరే మన ఔత్సాహికులు ఈ సంగతి తెలుసుకొని రంగు డబ్బా తెరవడం శ్రేయస్కరం. పోలీసు శాఖ వాడి పక్కన పెట్టిన బండ్లు కూడా వేలానికి వస్తుంటాయి. కొన్నవారు పాత అక్షరాలను చెరిపినా ఎండకు వెలసిన రంగు మధ్య ఆ అక్షరాల నీడ నిలిచిపోతుంది. ఆ బండి చూసి దారి ఇచ్చేవారున్నారు.

అమెరికాలో ఇదొక పెద్ద వినోదం. ఫోర్డు కంపెనీవారి క్రౌన్ విక్టోరియా అనే భారీ కారు అక్కడి పోలీసులకు ఎన్నో ఏండ్లు ప్రధాన వాహనం. 2011లో దాని తయారీ నిలిచిపోయింది. పోలీసుల కోసం చేసిన రకానికి ఛాసిస్ సంఖ్యలో "పి71" అనే సంకేతం ఉండేది. వాడి పారేసిన తరువాత వాటిని టాక్సీలుగాను, సొంతానికిగాను అమ్మడంతో, వెనుక ఏ వృద్ధుడు నడుపుతూ వచ్చినా ముందరి బండ్లు వేగం తగ్గించుకొనేవట. మన దేశంలో అటువంటి స్థానం తెల్లని అంబాసడరుది. 1950ల చివరి నుండి 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన ఆ కారులో కలెక్టరూ వచ్చేవారు, ఎస్.పి.యూ వచ్చేవారు, పెండ్లికొడుకూ వచ్చేవాడు. కారును బట్టి మనిషిని పోల్చడం నాడు కూడా సాధ్యం కాలేదు. జీపు, జిప్సీ, సుమో, బొలేరో, ఇన్నోవా అన్నీ ఈ వరుసలోనివే. పోలీసులు కొనేది బజారులో దొరికే బండియే.

పైగా ప్రభుత్వపు తెల్ల బండ్లన్నీ పోలీసువి కావు. రవాణా శాఖ తనిఖీ అధికారులు ఖాకీ ధరిస్తారు. వస్తువుల రవాణాను ఆపి పత్రాలు చూసే అధికారం పన్నుల శాఖ వారికి వేరుగా ఉన్నది. అటవీ, గనులు, ఎక్సైజు శాఖల వారూ రాత్రివేళ రోడ్డు మీద ఉంటారు. ఎన్నికల దినాలలో మరీ గందరగోళం. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 160వ సెక్షను ప్రకారం ప్రైవేటు బండ్లను ఎన్నికల పనికి స్వాధీనం చేసుకోవచ్చును. అందుచేత పసుపు ప్లేటుతో, అద్దం మీద దేవుని పేరుతో ఉన్న టూరిస్టు బండిలో తుపాకులతో పోలీసులు దిగడం అప్పుడు వింత కాదు. విజయనగరం జిల్లా వారికి ఈ దృశ్యాలు మరింత పరిచితం. చింతలవలసలో ప్రత్యేక పోలీసు అయిదవ బెటాలియను, విజయనగరంలో పోలీసు శిక్షణ కళాశాల ఉన్నందున అక్కడి రోడ్ల మీద ప్రతి పదవ మనిషికీ పొట్టి క్రాపేనని ఒక మిత్రుడు హాస్యమాడుతాడు.

ఇక సొంత బండి మీద "పోలీసు" అని వ్రాయించుకొనే ఆచారం గురించి. పోలీసు ఉద్యోగి స్కూటరు పోలీసు వాహనం కాదు. ఆయన బావమరిది స్కూటరు అసలే కాదు. ప్రెస్, ఆర్మీ, గవర్నమెంటు అన్న అక్షరాలకూ ఇది వర్తిస్తుంది. ఈ అక్షరాలు టోల్‌గేటు వద్ద మర్యాదను ఆశించి వ్రాసుకొన్నవే గాని చట్టం ఇచ్చినవి కావు. అక్షరాన్ని చూసి అధికారాన్ని ఊహించుకోవడం ప్రజలకు అలవాటైతే, ఆ అలవాటును వాడుకొనేది దొంగలే.

పోలీసులు గుర్తులేని బండిలో ఎందుకు తిరగాలి అని అడిగే హక్కు పౌరునికి ఉన్నది. సమాధానం కూడా ఉన్నది. ఆంధ్ర ఒడిశా సరిహద్దు కొండల నుండి గంజాయి క్రిందికి దిగే దారులు మన ప్రాంతం గుండా పోతున్నాయి. రవాణా చేసేవారు ముందు ఒక బండిని దారి చూడడానికి పంపి, వెనుక సరుకుతో వస్తారు. నీలి దీపాల బండి అర మైలు దూరం నుండి కనబడితే వారు వెనుదిరుగుతారు. మందుపాతరల భయం ఉన్న అటవీ మార్గాలలో పోలీసు గుర్తే ప్రాణాపాయానికి కారణం. హైదరాబాదులో 2014 అక్టోబరు 24న ప్రారంభమైన షీ టీములు బస్సు స్టాపుల వద్ద మఫ్టీలో నిలబడి వేధించేవారిని పట్టుకొన్నాయి. యూనిఫారంలో ఉంటే ఆ వేధింపు వారి కళ్ల ముందు జరిగేదే కాదు. ఈ అవసరాన్ని నేను తోసిపుచ్చను.

కాని ఈ జిల్లాకు మరొక జ్ఞాపకం కూడా ఉన్నది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు కాల్పులలో మరణించడంతో రగిలి 1970 వరకు సాగిన పోరాట కాలంలో, ఎవరిని ఎప్పుడు పట్టుకొన్నారు, ఎక్కడ పట్టుకొన్నారు అన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. రాష్ట్రంలోని ఎన్‌కౌంటర్ మరణాల ఆరోపణలను పరిశీలించడానికి 1977లో జస్టిస్ భార్గవ కమిషనును నియమించవలసి వచ్చింది. కొడుకును బండిలో ఎక్కించుకొని పోయినది ఎవరో తెలియని తల్లికి, బండి మీద పేరు ఉండడం లేకపోవడం వినోదం కాదు. అందుచేత చట్టం బండిని దాచుకొనే వీలు కల్పించినా, మనిషిని దాచుకొనే వీలు అంత సులువుగా కల్పించలేదు. విద్యార్థులు ముఖ్యంగా గ్రహించవలసినది ఇదే.

మోటారు వాహనాల చట్టంలోని 130వ సెక్షను చదవండి. లైసెన్సు చూపమని అడిగే పోలీసు అధికారి యూనిఫారంలో ఉండాలని అందులో స్పష్టంగా ఉన్నది. 132వ సెక్షను ప్రకారం బండి ఆపమని కోరే పోలీసు అధికారి సబ్ ఇన్‌స్పెక్టరుకు తక్కువ కాని హోదాలో, యూనిఫారంలో ఉండాలి. ఇంగ్లండులో కూడా 1988 నాటి రోడ్డు చట్టం 163వ సెక్షను ప్రకారం బండిని ఆపే కానిస్టేబులు యూనిఫారంలో ఉండవలసినదే. ఆయన వచ్చిన బండి ఏదైనా కావచ్చు. అనగా చట్టం బండి రంగును పట్టించుకోలేదు, ఒంటి మీది బట్టను పట్టించుకొన్నది. మామూలు చొక్కాతో, మామూలు కారులో వచ్చి హెల్మెటు లేదని నగదు అడిగేవాడు ఈ సెక్షనుల పరిధిలోకి రాడు.

అరెస్టు సంగతి వేరు. పెద్ద నేరాలలో మఫ్టీ అధికారి కూడా అరెస్టు చేయవచ్చును. అయితే దానికి నియమాలున్నాయి. అవి వచ్చిన తీరు చెప్పుకోదగినది. పశ్చిమ బెంగాలు న్యాయసహాయ సంస్థ కార్యనిర్వాహక అధ్యక్షుడు డి.కె. బసు, నిర్బంధంలో జరిగిన మరణాలను గురించి పత్రికలలో చదివి 1986 ఆగస్టు 26న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక లేఖ వ్రాశారు. ఆ లేఖనే కోర్టు వ్యాజ్యంగా స్వీకరించింది. పదేండ్ల తరువాత, 1996 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. అరెస్టు చేసేవారు తమ పేరు, హోదా స్పష్టంగా కనిపించే గుర్తింపు ధరించాలి. తేదీ, సమయం వేసి అరెస్టు మెమో వ్రాయాలి. దాని మీద కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతపు పెద్దమనిషియో సాక్షిగా సంతకం చేయాలి. అరెస్టయిన వ్యక్తి సంతకం ఉండాలి. బంధువుకో, స్నేహితునికో కబురు అందించాలి. ఈ నియమాలు పోలీసులకే గాక అరెస్టు చేసే ఇతర కేంద్ర సంస్థలకు కూడా వర్తిస్తాయని కోర్టు చెప్పింది. తరువాత ఇవి శిక్షాస్మృతి ప్రక్రియా చట్టంలో చేరాయి. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 36వ సెక్షనుగా ఉన్నాయి. స్త్రీలను సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు అసాధారణ పరిస్థితులలో తప్ప అరెస్టు చేయరాదు. అటువంటి పరిస్థితిలోనైనా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో మహిళా అధికారియే చేయాలి. ఇరవైనాలుగు గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలన్నది రాజ్యాంగపు 22వ అధికరణం.

లేని పోలీసు హోదాను నటించడం భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షను ప్రకారం నేరం. ఆరు నెలలకు తగ్గకుండా మూడేండ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. అయినా ఈ నటన ఆగలేదు. "ముందు వీధిలో దొంగతనం జరిగింది, నగలు తీసి మూట కట్టుకోండమ్మా" అని వృద్ధురాలిని నమ్మించి, మూటలో గులకరాళ్లు పెట్టి ఇచ్చే మఫ్టీ మోసం మన పట్టణాలన్నింటా విన్నదే. ఇంతకంటే ఘోరమైనది 2021 మార్చిలో లండనులో జరిగింది. ఒక యువతిని రాత్రివేళ దారిలో ఆపి, గుర్తింపు కార్డు చూపి, సంకెళ్లు వేసి, అద్దె కారులో ఎక్కించుకొని పోయి హత్య చేసినవాడు నకిలీ పోలీసు కాదు, కొలువులో ఉన్న అసలు పోలీసే. అతనికి జీవితాంతం విడుదల లేని శిక్ష పడింది. దాని తరువాత లండను పోలీసు శాఖ, ఒంటరిగా ఉన్న మఫ్టీ అధికారి ఎవరినైనా ఆపినప్పుడు వీడియో ద్వారా కంట్రోలు రూముతో మాట్లాడించి తన గుర్తింపును రుజువు చేసే పద్ధతి పెట్టింది. కార్డు ఒక్కటే చాలదని అక్కడి ప్రభుత్వమే అంగీకరించినట్లయింది.

మరి రాత్రి తొమ్మిది గంటలకు ఆమదాలవలస స్టేషనులో దిగి ఊరికి పోతున్న విద్యార్థిని ఏమి చేయాలి? పారిపోవడం, తోసివేయడం, రోడ్డు మీద సెక్షనులు వల్లించి తగవు పెట్టుకోవడం మూడూ పొరపాటే. ఎదుటివారు నిజంగా విధిలో ఉన్న అధికారులైతే అది మరొక నేరానికి దారితీస్తుంది. వెలుతురు, జనం ఉన్న చోట మాట్లాడుదామని మర్యాదగా అడగవచ్చును. పెట్రోలు బంకు, టోల్‌గేటు, బస్సు కాంప్లెక్సు అందుకు తగినవి. మడపాం టోల్‌గేటు వంటి చోట్ల కెమెరాలు కూడా ఉంటాయి. పేరు, హోదా, ఏ స్టేషను అన్నది అడిగి 112కు గాని 100కు గాని ఫోను చేసి, ఫలానా సంఖ్య గల బండిలో ఫలానా అధికారి ఉన్నారా అని విచారించడంలో అవమానం ఎవరికీ లేదు. నిజమైన అధికారి ఈ ఫోనుకు భయపడడు, వేచి ఉంటాడు. వెంటనే బండి ఎక్కమని తొందరపెట్టేవాడు, ఫోను లాక్కోబోయేవాడు, రశీదు లేకుండా సొమ్ము అడిగేవాడు ఏ బండిలో వచ్చినా అనుమానించదగినవాడే.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం. అరెస్టు మెమోలో ఏమి ఉండాలో, 130, 132 సెక్షనులు ఏమి చెబుతున్నాయో ఒక పుటలో ఉర్దూ, తెలుగు రెండింటా వ్రాయించి హాస్టలు నోటీసు బోర్డు మీద అంటించడానికి అయ్యే ఖర్చు అత్యల్పం. ఆ పుట అడుగున జిల్లా పోలీసు కంట్రోలు రూము టెలిఫోను సంఖ్య, మన పరిధిలోని స్టేషను సంఖ్య, జిల్లా న్యాయసేవాధికార సంస్థ సంఖ్య ఉండాలి. సంఖ్యలు మారినప్పుడల్లా దిద్దే బాధ్యతను వాహనాల మీద మక్కువ గల మన ఔత్సాహికులకే అప్పగించవచ్చును. అంకెలు గుర్తుంచుకోవడంలో వారిని మించినవారు కళాశాలలో లేరు.